లేని దేశములకు భాషలు కల్పించుట
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ పండుగ మన ఒక్కరిదే కాదు, ఈ హుబ్బళ్ళిలో మన ఇరుగుపొరుగు కన్నడ సోదరులది కూడ. ఇటువంటి దినమున భాషను గూర్చి మాట్లాడుట ఉచితమే. కాని కార్యదర్శిగారు మాకిచ్చిన విషయము కొంచెము చిత్రమైనది. భూమి మీద ఎక్కడను లేని దేశములు, ఆ దేశములలో లేని ప్రజలు, వారి కొరకు కొందరు కూర్చుండి అల్లిన భాషలు. మెట్రిక్యులేషనుతో రైల్వేలో చేరిన గుమాస్తాలము మేము. భాషాశాస్త్రము చదివినవారము కాము. అయినను మా ఆఫీసులో దినమెల్ల మేము వాడునవి కల్పించిన మాటలే గదా. గుంతకల్లు అనము, జీ.టీ.ఎల్. అంటాము. గదగ జీ.డీ.జీ. హుబ్బళ్ళి యూ.బీ.ఎల్. హకారముతో మొదలయ్యే ఊరికి ఈ యూ ఎక్కడినుంచి వచ్చినదని కొత్తగా చేరిన ప్రతి గుమాస్తా అడుగును, పాతవారు నవ్వి ఊరుకొందురు. ఇవి వందలకొలది ఉన్నవి, మాకు కంఠస్థము. అయినను ఇది భాష కాదు. ఎందుచేతనంటే, జీ.టీ.ఎల్., జీ.డీ.జీ.లతో ఒకరిని తిట్టలేము, ఒక పిల్లను లాలించలేము, ఉప్పు అందుకొమ్మని అడగలేము. మాటల మూట వేరు, భాష వేరు. కల్పిత దేశములకు భాష చేయబూనిన వారందరును మొట్టమొదట ఎదుర్కొన్న చిక్కు ఇదే.

ఈ పని నేటిది కాదు. 1726లో జానథన్ స్విఫ్టు వ్రాసిన గల్లివరు ప్రయాణముల కథలో బుద్ధిగల గుర్రముల దేశమొకటి ఉన్నది. ఆ జాతి పేరే గుర్రపు సకిలింపువలె ఉండును. నోరు తిరగని పేరు, పిల్లలు సరదాగా ప్రయత్నించవచ్చును. ఆ గుర్రములకు అబద్ధము అను మాటయే లేదు. అబద్ధమాడుటను గూర్చి చెప్పవలసివస్తే చుట్టు తిప్పి చెప్పవలసినదే. ఒక్క మాట లేదని చెప్పి, ఆ జాతి గుణమంతయు చూపినాడు స్విఫ్టు.

దీనికి తలక్రిందులైన పని చేసినవారు జార్జి ఆర్వెల్. వీరు 1903లో మన దేశములోనే, బీహారులోని మోతీహారిలో పుట్టినారు. 1949లో వెలువడిన వారి నవలలో ఓషియానియా అను రాజ్యమున్నది. అక్కడి ప్రభుత్వము ఒక కొత్త భాషను తయారుచేయించును. లోకములో ఏ నిఘంటువైనను కూర్పు కూర్పునకు లావెక్కును. వారి నిఘంటువు మాత్రము కూర్పు కూర్పునకు సన్నబడును. మాట పోయినచో ఆ తలపును పోవునని ఏలికల ఎత్తు. ఇది చదివినప్పుడు మాకు ఒళ్ళు జలదరించిన మాట నిజము. ఏ ప్రభుత్వమును ఆజ్ఞ వేయకుండగనే మన ఇండ్లలో చేట, కవ్వము, ఉట్టి, జల్లెడ అను మాటలు ఎన్ని మిగిలినవో తల్లులు ఒకసారి లెక్క చూచుకొనగలరు. వస్తువుతోపాటు మాట పోయిన చోట ఎవరినీ తప్పుపట్టలేము. జల్లెడ వంటింట్లో మేకుకు వ్రేలాడుచుండగనే జల్లెడ అను మాట పోయిన ఇండ్లు కూడ ఉన్నవి.

ఇక ఈ విద్యలో అందరికన్న పెద్దవారు ఇంగ్లండులోని ఆక్స్ఫర్డు ఆచార్యులు టోల్కీన్‌గారు. 1892లో పుట్టి 1973లో గతించినారు. వీరి చిన్నతనములో రైల్వేవారమైన మనకు ముచ్చట గొలిపే సంగతి ఒకటి ఉన్నది. బర్మింగ్‌హాము దగ్గర వీరి ఇంటి వెనుకనే రైలు మార్గము. బొగ్గు వ్యాగన్లు వచ్చి పోవుచుండెడివి. ఆ వ్యాగన్ల మీద వేల్సు ప్రాంతపు ఊళ్ళ పేర్లు వ్రాసియుండెడివి. ఆ అక్షరములను ఎట్లు పలుకవలెనో పిల్లవానికి తెలియదు, కాని ఆ పేర్లు మనస్సులో నాటుకొన్నవి. మేము ఎన్ని వేల వ్యాగన్ల నంబర్లు రిజిస్టరులో ఎక్కించినామో! ఒక్కటియు మా మనస్సులో నాటుకొనలేదు.

పెద్దవాడైన తరువాత ఆయన వెల్షు భాష నేర్చినారు, ఫిన్లాండు భాష వ్యాకరణము చూచి మురిసినారు. ఈ రెండింటి సొంపును మనస్సులో ఉంచుకొని ఎల్ఫులు అను దివ్యజాతికి రెండు భాషలు కల్పించినారు. ఫిన్నిషు ఛాయ గలది క్వెన్యా, వెల్షు ఛాయ గలది సిండరిన్. ఇక్కడ మనము గమనించవలసిన విశేషమున్నది. ఆయన ఈ రెండు భాషలను విడివిడిగా అల్లలేదు. ముందుగా వాటికి ఒక తల్లిభాషను కల్పించి, ఆ తల్లి బిడ్డలు రెండు చోట్లకు విడిపోయి, వేల ఏండ్లు గడచిన పిదప ఏ అక్షరము ఎట్లు మారునో సూత్రములు కట్టినారు. మనుష్యుని క్వెన్యాలో అతన్ అందురు, సిండరిన్‌లో అదన్ అందురు. నడుమనున్న తకారము ఒక ఇంట నిలిచినది, మరియొక ఇంట దకారమైనది.

ఈ ఊరిలో ఉన్న మనకు ఇది చెప్పి తెలియజేయవలసినది కాదు. మనము పాలు అంటాము, పాలుపోయు గౌడరు హాలు అంటాడు. మన పులి వారికి హులి, మన పువ్వు వారికి హూవు. ఒకప్పటి కన్నడములో ఆ మాటలకు పకారమే ఉండెడిది, కాలక్రమమున హకారమైనది. మన చెవి వారికి కివి. ఇక్కడ మాత్రము వారు పాత కకారమును నిలుపుకొన్నారు, మారినది మనమే. మనకును వారికిని పూర్వమెప్పుడో ఒకే తల్లి. ఇటువంటి చుట్టరికమును లేని జాతికి కూడ కల్పించిన మనిషి టోల్కీన్. అటు తరువాతనే ఆ భాషలు మాట్లాడుటకు ప్రజలు కావలసివచ్చినారు, ప్రజలకు కొండలు, నదులు, యుద్ధములు, వలసలు కావలసివచ్చినవి. 1954, 1955 సంవత్సరములలో వెలువడిన ఆయన పెద్ద కథ అట్లు పెరిగినది. భాష ముందు, కథ తరువాత అని ఆయనే చెప్పుకొన్నారు. వలస పోయినవారి భాష ఎట్లు మారునో, ఏ అక్షరము నిలుచునో, ఏది జారునో అను విచారము ఆ కథలో అడుగడుగునను కనిపించును. మా తాతలు మద్రాసు అండ్ సదరన్ మరాఠా రైల్వే రోజులలో ఈ ఊరి వర్కుషాపునకు వచ్చినవారు. అందుచేత కాబోలు మాకు ఆ భాగము ఎక్కువ నచ్చినది.

అమెరికావారి పద్ధతి వేరు. స్టార్ ట్రెక్ చిత్రములలో క్లింగాన్లు అను యుద్ధప్రియులైన అన్యగ్రహవాసులు ఉన్నారు. మొదట 1979 నాటి చిత్రములో నటుడొకరు వారికి కొద్దిపాటి పలుకులు కూర్చినారు. 1984 నాటి చిత్రమునకు మార్క్ ఓక్రాండ్ అను భాషాశాస్త్రవేత్తను పిలిపించి పూర్తి భాష చేయించినారు. 1985లో నిఘంటువు అచ్చయినది. ఈ జాతి మనుష్యులవలె మాట్లాడరాదని ఆయన పట్టు. రాముడు పండు తిన్నాడు అని మనము అంటాము. క్లింగాను వరుసలో అది పండు తిన్నాడు రాముడు అగును. మన తెలుగులో అట్లనినను అర్థమగును, మనము చెప్పు కథలలో ఆ వరుస వచ్చును కూడ. కాని లోకములోని భాషలలో దానినే మామూలు వరుసగా పెట్టుకొన్నవి బహు కొద్ది.

అభిమానులు హామ్లెట్టు నాటకమును సైతము ఆ భాషలోనికి మార్చినారు. అంతటితో ఆగలేదు. 1990ల దశాబ్దములో అమెరికాలో ఒక తండ్రి తన కుమారునితో మొదటి మూడేండ్లు క్లింగాను తప్ప వేరు భాష మాట్లాడలేదు. తల్లి ఇంగ్లీషు మాట్లాడినది. పిల్లవాని ఉచ్చారణ చక్కగానే ఉన్నదట, కాని తండ్రికి ఆ భాషలో బదులు చెప్పుట అరుదు. ఇంట్లో వాడు వస్తువులలో అనేకమునకు ఆ భాషలో మాటలు లేవు. యుద్ధనౌకకు మాట ఉన్నను పసిపిల్లవాని పనికి వచ్చు మాట ఉండవలదా? చివరకు ఆ తండ్రి మానుకొన్నారు. కొందరు ఆయనను వెక్కిరించినారు గాని, మాకు నవ్వు రాలేదు. వ్యాకరణము లోపములేనిదే, గురువు ప్రేమగలవాడే. కాని ఆ భాష పలుకు మనిషి లోకములో పిల్లవానికి ఒక్కడే కనబడినాడు. పక్కింటివారు పలుకరు, ఆటలో తోడు పలుకదు, అమ్మ పలుకదు. మన పిల్లలకు తెలుగు పలుకు మనుష్యులు ఎందరు కనబడుచున్నారు? ఈ హాలులో కూర్చున్నవారిని లెక్కపెట్టుకొనుడు, ఆ పిమ్మట రేపటినుండి వచ్చే ఉగాది వరకు ఎందరు కనబడుదురో లెక్కపెట్టుకొనుడు.

మనవారు ఈ పనిలో వెనుకబడినవారు కారు. 2015లో వచ్చిన బాహుబలిలో కాలకేయుల కొరకు కిలికి అను భాషను అల్లినవారు తమిళ కవి మదన్ కార్కీ. సుమారు 750 మాటలు, 40 వ్యాకరణ సూత్రములు అని పత్రికలలో వచ్చినది. ఆస్ట్రేలియాలో చదువుకొను రోజులలో పిల్లలను ఆడించుటకు ఆయన కూర్చిన ఆటభాషయే దీనికి మూలమట. అందులో మిన్ అనగా నేను. దానిని తిరగవేసి నిమ్ అన్నచో నీవు. సూత్రము ఒక్కటి పెట్టిన చాలు, మాటలు వాటంతటవే పుట్టును. మాహిష్మతివారు తెలుగు చిత్రములో తెలుగు, తమిళ చిత్రములో తమిళము మాట్లాడినారు. కాలకేయులు రెండింట ఒకే కిలికి మాట్లాడినారు. 2020లో దానికి లిపిని కూడ కూర్చి ఇంటర్నెట్టులో ఉంచినారు.

అయితే మా మనస్సుకు ఎక్కువ నచ్చినది 1957 నాటి మాయాబజారు. పింగళి నాగేంద్రరావుగారు ఘటోత్కచుని పరివారమునకు వేరు భాష అల్లలేదు, తెలుగునే తిప్పినారు. అస్మదీయులు అసమదీయులైనారు, వారికి ఎదురుగా తసమదీయులు పుట్టినారు. తల్పమునకు గిల్పము, కంబళికి గింబళి వచ్చినవి. ఈ గిల్పము, గింబళి ఎక్కడివి? మన నాలుక మీదివే. కాఫీ గీఫీ, పుస్తకము గిస్తకము, టిక్కెట్టు గిక్కెట్టు. మొదటి అక్షరము హ్రస్వమైతే గి, దీర్ఘమైతే గీ. ఈ సూత్రమును ఏ బడిలోను చెప్పరు, అయినను మాటలు నేర్చిన తెలుగు పిల్ల తప్పక పాటించును. మొన్న ఇంగ్లండునుండి వచ్చిన మాటకైనను తగిలించును. కార్కీగారు కాగితము మీద వ్రాసుకొన్నట్టి సూత్రమే ఇది. మనకు తల్లిపాలతో వచ్చినది.

కన్నడమువారికిని ఈ గి, గీలే ఉన్నవి, కనుక ఈ ఊరిలో అది చెడుటకు కారణము లేదు. కాని మా కాలనీలో ఇప్పుడు పిల్లలు టిక్కెట్టు విక్కెట్టు, పుస్తకము వుస్తకము అనుచున్నారు. చాయ్ వాయ్ అను హిందీ సూత్రమది, బడిలో స్నేహితులనుండి, టీవీనుండి వచ్చినది. హిందీ మీద మాకు కోపము లేదు, దాని ఇంట దాని సూత్రము ముద్దుగనే ఉన్నది. మాట అరువు తెచ్చుకొనుట వేరు, ఎన్ని మాటలు తెచ్చుకొన్నను భాష భరించును. సూత్రమును మార్చుకొనుట వేరు. టోల్కీన్‌గారైతే దీనిని వెంటనే పుస్తకములో వ్రాసుకొని, ఒక కొత్త జాతి విడిపోవుచున్నదని గుర్తు పెట్టుకొందురు.

ఇందుచేత మా ప్రసంగము తరువాత పిల్లలకు ఒక ఆట ఏర్పాటైనది. అయిదుగురు ఒక జట్టు. ప్రతి జట్టు ఒక దేశమును కల్పించవలెను. అది సముద్రతీరమా, ఎడారియా, అక్కడ ఏమి పండును, ఏమి తిందురు అన్నది ముందు తేల్చుకొనవలెను. తరువాత వంటింటికి సంబంధించిన పది మాటలు, ఒకటిని అనేకము చేయుటకు ఒక సూత్రము, అవును కాదులు, మరీ చెడ్డది కాని తిట్టు ఒకటి. సూత్రమును తెలుగులో వివరించి చెప్పవలెను, ఇంగ్లీషులో చెప్పినవారికి మార్కులు లేవు. చివరకు జట్టులో ఒకరు మరియొకరిని ఆ భాషలో ఉప్పు అడుగవలెను, రెండవవారు లేదని చెప్పవలెను. తాతలు, అమ్మమ్మలు, నాయనమ్మలు న్యాయనిర్ణేతలు. కాగితములు, పెన్సిళ్ళు కార్యదర్శిగారి బల్ల మీద ఉన్నవి.