మూడో వరుసలో ఉన్న విద్యార్థికి
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

ఏదైనా సైన్సు విషయం మీద పది నిమిషాలు మాట్లాడమన్నారు నిర్వాహకులు. నలభై అయిదు నిమిషాల పీరియడుకు అలవాటు పడ్డ నోరు ఇది. అయినా ప్రయత్నిస్తాను.

విషయం నేను ఎంచుకున్నది కాదు. 1986లో తొమ్మిదో తరగతి కుర్రవాడొకడు ఎంచిపెట్టాడు. ఆ రోజు పాశ్చర్ పాఠం జరుగుతోంది. హంసమెడలా వంగిన గొట్టం ఉన్న కుప్పెలో పోషక ద్రవం పోసి మరిగిస్తే అది పాడవలేదు, మెడ విరిచేస్తే పాడైంది, కాబట్టి జీవి నుంచే జీవి పుడుతుంది అని బోర్డు మీద రాశాను. రెండో బెంచీలోంచి ఆ కుర్రవాడు లేచి, "మరి మొట్టమొదటి జీవి దేన్నుంచి పుట్టింది మాస్టారూ?" అన్నాడు. "అది పరీక్షకు రాదు, కూర్చో" అన్నాను. క్లాసంతా నవ్వింది. అసలు సంగతి, నాకు జవాబు తెలియదు. తెలియదని ఒప్పుకోవడం నామోషీ అనుకున్నాను. ఆ పిల్లవాడు మళ్లీ నా క్లాసులో నోరు విప్పలేదు.

అతను ఇవాళ ఇక్కడే, మూడో వరుసలో ఉన్నాడు. పేరు చెప్పను. బాబూ, ఈ పది నిమిషాలూ నీవే.

పాశ్చర్ చూపించింది నేటి భూమి సంగతి. ఆదిలో భూమి ఇలా లేదు. రష్యాలో ఒపారిన్ 1924లో, ఇంగ్లండులో జె.బి.ఎస్. హాల్డేన్ 1929లో, ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా ఇంచుమించు ఒకే మాట అన్నారు. అప్పటి గాలిలో ఆక్సిజన్ లేదు. సేంద్రియ పదార్థాలు తయారైతే వాటిని పాడుచేసే ఆక్సిజన్ గాని, తినేసే జీవులు గాని లేవు. కాబట్టి అవి నీటిలో పోగుపడి ఉంటాయి. ఆ సముద్రాన్ని హాల్డేన్ వేడి పలచని సూపుతో పోల్చాడు. మనం చారు అనుకుందాం.

ఈ హాల్డేన్ మనకు పరాయివాడు కాడు. 1957లో భారతదేశానికి వచ్చేశాడు, తర్వాత ఇక్కడి పౌరసత్వం తీసుకున్నాడు. 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూశాడు. ఆయన కోరిక ప్రకారం దేహాన్ని మన కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు ఇచ్చారు. కాకినాడ ఎన్నిసార్లు వెళ్లానో! రిటైరయ్యేదాకా నాకీ సంగతి తెలియదు.

ఊహ బాగానే ఉంది, పరీక్షించేదెలా? 1953లో షికాగోలో స్టాన్లీ మిల్లర్ అనే ఇరవైమూడేళ్ల విద్యార్థి గాజు పరికరంలో మీథేన్, అమ్మోనియా, హైడ్రోజన్ నింపి, నీళ్లు మరిగిస్తూ విద్యుత్ మెరుపులు పుట్టించాడు. మర్నాటికి నీళ్లు గులాబీ రంగుకు తిరిగాయి, వారానికి ముదురు ఎరుపెక్కాయి. వాటిలో గ్లైసీన్ వంటి అమైనో ఆమ్లాలు దొరికాయి. ఆయన గురువు హెరాల్డ్ యూరీ అప్పటికే నోబెల్ గ్రహీత. తన పేరుంటే పేరంతా తనకే పోతుందని వ్యాసంలోంచి తీసేయించాడు. క్లాసులో పిల్లవాణ్ణి కూర్చోబెట్టిన నాబోటివాడు ఇది రెండుసార్లు చదవాలి.

ఆ తర్వాత చిక్కులొచ్చాయి. ఆనాటి గాలిలో ఎక్కువగా ఉన్నవి కార్బన్ డయాక్సైడు, నైట్రోజన్ అని చాలామంది నేడు భావిస్తున్నారు. అటువంటి గాలిలో మెరుపుల వల్ల తయారయ్యేది తక్కువ. అయితే మిల్లర్ దాచిపెట్టిన పాత సీసాలను ఆయన మరణం తర్వాత శిష్యుడు జెఫ్రీ బాడా బృందం మళ్లీ పరీక్షించింది. అగ్నిపర్వతపు ఆవిరిని పోలిన ఏర్పాటు నుంచి వచ్చిన సీసాల్లో 22 అమైనో ఆమ్లాలు కనిపించాయని 2008లో ప్రకటించారు. ఆకాశం నుంచి కూడా కొంత సరుకు దిగి ఉండవచ్చు. బెన్నూ గ్రహశకలం నుంచి 2023లో భూమికి తెచ్చిన మట్టిలో, జీవులు వాడుకునే 20 అమైనో ఆమ్లాల్లో 14 ఉన్నట్టు తేలింది.

కాని ఇవన్నీ ఇటుకలు. ఇల్లు ఎలా లేచింది? డీఎన్ఏ పనిచేయాలంటే ప్రోటీన్లు కావాలి, ప్రోటీన్లు తయారవ్వాలంటే డీఎన్ఏలోని సమాచారం కావాలి. ఏది ముందు? 1980లలో థామస్ చెక్, సిడ్నీ ఆల్ట్‌మన్‌లు ఆర్ఎన్ఏ సమాచారాన్ని మోయడమే కాదు, కొన్నిచోట్ల ఎంజైము పని కూడా చేస్తుందని చూపారు. దానికి 1989లో నోబెల్ వచ్చింది. ఆర్ఎన్ఏతోనే మొదలై ఉండవచ్చన్న ఆలోచనకు వాల్టర్ గిల్బర్ట్ 'ఆర్ఎన్ఏ ప్రపంచం' అని పేరు పెట్టింది 1986లో. అంటే, బాబూ, నేను నిన్ను కూర్చోమన్న సంవత్సరంలోనే. ఆ ఆర్ఎన్ఏ తనంతట తాను ఎలా ఏర్పడిందన్నది పెద్ద ముడి. సముద్రగర్భంలోని వేడినీటి ఊటల దగ్గర, శక్తిని వాడుకునే రసాయన చర్యలే ముందు మొదలయ్యాయని ఇంకొందరి వాదన. ఇద్దరిలో ఎవరూ ఇంతవరకు ప్రయోగశాలలో మామూలు రసాయనాల నుంచి జీవిని పుట్టించి చూపలేదు.

మొట్టమొదటి జీవి దేన్నుంచి పుట్టింది అంటే, తెలియదు నాయనా. నాకే కాదు, ఇంకా ఎవరికీ పూర్తిగా తెలియదు. ఆ రోజు చెప్పాల్సిన మాట ఇదే.

పది నిమిషాలు దాటినట్టుంది, కార్యదర్శిగారు గడియారం చూస్తున్నారు. మిగతాది భోజనాల దగ్గర అడుగు. నీ పక్కన నాకో కుర్చీ ఉంచు.