సంఘపు తోట - నేల నేర్పే శాస్త్రం

(మేడ్చల్, శామీర్‌పేట ప్రాంత సంఘ సభ్యుల కూడికలో చేసిన ప్రసంగ పాఠం)



సంఘానికి ఉమ్మడి కూరతోట ఒకటి ఉండాలన్న ఆలోచనను గురించి నాలుగు మాటలు మనవి చేయమన్నారు. తోటపనికీ పర్యావరణ శాస్త్రానికీ ఏమిటి సంబంధమని యువకులు కొందరు అడిగారు. అది తెలుసుకోవడానికి మన ప్రాంతపు చరిత్రే చాలు.

అబ్దుల్ బాకర్ ఖాన్ అనే ఆయన 1890 ప్రాంతంలో హైదరాబాదులో నాటించిన అనాబ్-ఎ-షాహీ ద్రాక్ష తరువాతి కాలంలో మన వైపు తోటలకెంతో పేరు తెచ్చింది. రాతి కడీలపై అల్లిన ఆ పందిళ్లు పెద్దవారికి జ్ఞాపకమే. వాటి స్థానంలో ఇప్పుడు ప్లాట్లు, గోదాములు, ఫంక్షన్ హాళ్లు వెలిశాయి. భూమి ధర పెరగడం ఇందుకొక కారణం, నీరు అడుగంటడం మరొక కారణం. మన కాళ్లకింద ఉన్నది సుమారు 250 కోట్ల ఏళ్లనాటి గ్రానైటు రాయి. అది ఇసుక నేలలాగా నీటిని నింపుకోదు. పైనున్న మొరం పొరలోనూ, రాతి పగుళ్లలోనూ పట్టినంతే నీరు. బావి ఎండితే బోరు, బోరు ఎండితే ఇంకా లోతు బోరు వేశారు. తోడినవారే గాని, తిరిగి లోపలికి ఎంత చేరుతున్నదో లెక్క చూసినవారు తక్కువ.

కూరతోట చేసుకుంటానన్న రాజుకు సైతం నాబోతు తన పిత్రార్జితమైన ద్రాక్షతోటను ఇవ్వనన్నాడు. మన ద్రాక్షతోటలు పోయాయి. మిగిలిన పిత్రార్జితం మందిర ఆవరణలోని కాస్త నేల, ఏటా పడే వాన.

ఆ వాన లెక్క పిల్లలు కూడా వేయగలరు. చదరపు మీటరు స్థలంలో ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు. మన వైపు ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్లు పడుతుంది. 100 చదరపు మీటర్ల కప్పు మీద అది 80,000 లీటర్లు. కొంత వృథా పోయినా, మిగిలినది ఇంకుడుగుంటలోకి మళ్లిస్తే మన బోరుకే మేలు.

ఇక రెండవ లెక్క చెత్తది. మహానగరపు చెత్త ఎన్నో ఏళ్లుగా మనకు దగ్గరలోని జవహర్‌నగర్‌కు చేరుతున్నది. గాలి మళ్లినప్పుడు ఆ వాసన ఎటువంటిదో ఒకరు చెప్పనక్కరలేదు. వంటింటి తడిచెత్త గాలి ఆడని గుట్టలో కుళ్లితే మీథేన్ వాయువు పుడుతుంది. నూరేళ్ల లెక్కన చూస్తే భూమిని వేడెక్కించడంలో అది బొగ్గుపులుసు వాయువుకంటే 28 రెట్లు ఎక్కువ. గుట్టనుండి కారే మురుగు భూగర్భజలంలో కలుస్తుంది. అదే తడిచెత్తకు రెండు మూడింతలు ఎండుటాకులు కలిపి, గాలి తగిలేలా తిరగవేస్తూ ఉంటే రెండు మూడు నెలల్లో ఎరువవుతుంది. కుప్ప లోపల చెయ్యి పెడితే వెచ్చగా ఉన్నదా, సూక్ష్మజీవులు పనిచేస్తున్నట్టే. కంపు కొడితే మరికొన్ని ఎండుటాకులు వేసి తిరగవేయాలి. రాలిన ఆకులు తగలబెట్టే అలవాటు కూడా దీనితో మానుతుంది.

మూడవ పాఠం వేళ్లలో ఉన్నది. అలసంద మొక్కను మెల్లగా పీకి చూడండి. వేళ్లకు చిన్న బుడిపెలుంటాయి. ఒకదాన్ని గోటితో చీల్చితే లోపల గులాబీ రంగు కనిపిస్తుంది. అందులోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని మొక్కకు ఆహారంగా మారుస్తున్నాయన్నమాట. అందుకే వంగ, టమాటా తరువాత ఆ మడిలో అలసందో చిక్కుడో వేయాలి.

ఇదంతా చదువుకున్నవారికేనని అనుకోవద్దు. జహీరాబాదు దగ్గరి పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1983లో మొదలైంది. ఆ సంఘాల దళిత స్త్రీలు పడావు భూములను బాగుచేసి, జొన్న, సజ్జ, కంది, అనుములు కలిపి పండించారు, విత్తనం తామే దాచుకున్నారు. 2019లో వారి కృషికి ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వారి ఈక్వేటర్ బహుమతి లభించింది. వారు కలిసి కూర్చుని, కలిసి పనిచేసి సాధించిన ఫలమది.

అయితే ఒక్క హెచ్చరిక. ఇటువంటి తోటలు జూన్ నెలలో ఉత్సాహంతో మొదలై, మే నెలలో ఎండిపోతాయి. సెలవులకు మనం ఊళ్లకు పోతాము, తోట మాత్రం ఎక్కడికీ పోదు. కనుక వంతులు ముందుగానే వేసుకోవాలి. కూరగాయలు ఎవరికి చెందాలో ముందే తీర్మానించుకోవాలి. మొదటి భాగం సంఘంలోని వితంతువులకు, రోగులకు అని నా మనవి. పడిన వాన, పోసిన నీరు, వేసిన చెత్త, కోసిన కూర ఒక నోటుబుక్కులో పిల్లల చేత రాయించాలి. ఆ పుస్తకమే మన పర్యావరణ శాస్త్ర గ్రంథం. ద్రాక్షతోటల కాలంలో లేనిదీ, ఇప్పుడు మనం పిల్లలకు ఇవ్వగలిగినదీ ఆ లెక్కే.

మొదటి వానకు ముందు గుంట తవ్వడానికీ, మే నెల నీళ్ల వంతులకూ ఈ రోజే పేర్లు ఇవ్వవలసిందిగా కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.