పాలదవడపళ్లకు పిప్పి పట్టినపుడు

పాలపళ్లు ఎటులైనను ఊడిపోవునవే కదా, వానికి చికిత్స యేలయని పెద్దలనుట కలదు. కాని వెనుకనుండు పాలదవడపళ్లు 10, 12 ఏండ్ల ప్రాయము వరకును నిలిచి, నమలుటకే కాక రాబోవు పళ్లకు చోటు కాపాడుటకును ఆవశ్యకములగుటచే ఆ మాట చెల్లదు.

మత్తుసూది వేసి, పుచ్చిన భాగమును మరతో తొలిచి, సిమెంటు నింపుట పూర్వాచారము. స్కాట్లండునందలి నోర్నా హాల్ అను దంతవైద్యురాలు వేరొక త్రోవ తొక్కినది: సూది లేదు, తొలుచుట లేదు, సిద్ధముగానున్న ఉక్కు తొడుగులో సిమెంటు నింపి, పంటిపై వేలితో నొక్కి, పిదప బిడ్డచేతనే గట్టిగా కొరికింతురు. లోపల బందీలైన సూక్ష్మజీవులకు చక్కెర అందక పిప్పి నిలిచిపోవును. కొన్నాళ్లు కాటు ఎత్తుగా తోచినను, అది తనంతట సర్దుకొనును. వెండి కలిసిన ఫ్లోరైడు ద్రావణము పూయుట ఇంకను సులభము; అయితే పూసిన పుచ్చు బొగ్గువలె నల్లబడును, అది తల్లులకంతగా రుచింపదు.

బ్రిటనులో 3 మొదలు 7 ఏండ్ల పిల్లలను 1144 మందిని మూడు తెగలుగ విభజించి, తొలిచి నింపుట, పుచ్చును లోపలనే మూసివేయుట, కేవలము నివారణోపాయములు అను మూడింటిని పోల్చిచూడగా, నొప్పియో చీమో కలిగినవారు వరుసగా నూటికి 42, 40, 45 అని 2020లో తేలినది, భేదము స్వల్పమే. సూదికి బెదరు బిడ్డకు తొడుగే మేలని నా అభిప్రాయము. కాని రాత్రివేళ ఊరకయే పోటు లేచినను, చిగుళ్లు వాచినను, మూతలు పనికిరావు, నరమునకు చికిత్సయో పన్ను తీయుటయో తప్పదు.