టెన్నిసు జంటయాటయు సానియా మీర్జాయు



వ్యాకరణము చెప్పుకొని బ్రదికిన బడిపంతులు బంతియాటను గూర్చి ప్రసంగింప బూనుట మీలో కొందఱకు వింతగా తోచవచ్చును. అయినను నేనిపుడు చెప్పబోవు విషయమునకును వ్యాకరణమునకును కొంత చుట్టఱికము లేకపోలేదు. ద్వంద్వసమాసమున రెండు పదములును ప్రధానములే. ‘తల్లిదండ్రులు వచ్చిరి’ అన్నచో ఇద్దఱును వచ్చినట్లే. తత్పురుషమున అట్లు కాదు. ‘రాజభటుడు వచ్చెను’ అన్నచో వాకిట నిలిచినవాడు భటుడు మాత్రమే. రాజు కోటలోనే యున్నాడు. టెన్నిసు అను ఆటలో ఒక్కొక్క ప్రక్క ఒక్కరే నిలిచి యాడు పద్ధతియు, ఇద్దఱిద్దఱు నిలిచి యాడు పద్ధతియు కలవు. రెండవదానికి ద్వంద్వమని పేరు పెట్టిన బాగుండునని నాకు తోచినది. కాని మన పురాణములలో ద్వంద్వయుద్ధమనగా ఒకనితో ఒకడు పోరుట. అది మొదటిదానికి సరిపోవును. ఈ తికమక యెందుకని మొదటిదానిని ఒంటియాట యనియు, రెండవదానిని జంటయాట యనియు పిలిచెదను.

ఈ జంటయాటలో 2015వ సంవత్సరము ఏప్రిలు నెలలో ప్రపంచమునందలి స్త్రీలలో మొదటి స్థానమును పొందినది మన హైదరాబాదున పెరిగిన సానియా మీర్జా. ఆ స్థానమున ఆమె మొత్తము 91 వారములుండెను. అంతకుముందు భారతస్త్రీ యొకతెయు ఆ స్థానమును చేరలేదు. ఆమె పేరు మన పల్లెలకును క్రొత్తది కాదు. అయినను మా గ్రంథాలయపు అరుగుమీద వృత్తపత్రికలు చదువు పెద్దల నోట నేను తఱచుగా వినిన మాట యొకటి కలదు: “ఒంటిగా నెగ్గలేక జంటలో చేరినది. ఇద్దఱు కలిసి గెలిచినది సగము గెలుపే కదా!” ఈ మాట యనువారు తెలివితక్కువవారు కారు. ఆస్తిపంపకములలో వాటాలు తప్పులేకుండ లెక్కగట్టగలవారే. కాని నాకీ లెక్క కుదురలేదు.

సానియా 1986 నవంబరు 15వ తేదీన ముంబయిలో జన్మించెను. పసితనముననే తల్లిదండ్రులతో హైదరాబాదు చేరి ఆఱవయేట రాకెట్టు పట్టెను. తండ్రి ఇమ్రాన్ మీర్జా ఆమెకు గురువు. ఆనాడు మనవైపున ఈ యాటకు తగిన గట్టినేలలు తక్కువ. పేడతో చేసిన నేలలపై ఆడి నేర్చుకొంటినని ఆమె పెద్దదైన పిదప చెప్పెను. పేడ యలికిన నేల యెట్లుండునో మీకు నేను వివరింప నక్కఱలేదు. నూర్పులకు ముందు కళ్లము సిద్ధపఱచిన ప్రతివాడును ఎఱుగును. ఎండినచో గట్టిగనే యుండును. పెచ్చు లేచినచోట మాత్రము బంతి యెటు ఎగురునో ఎవ్వరును చెప్పలేరు.

ఎండలో ఆడినచో పిల్ల నల్లబడిపోవును, దీని నెవరు పెండ్లాడుదురని బంధువులును ఇరుగుపొరుగువారును అనుచుండిరట. దీనిని కూడ ఆమెయే చెప్పినది. ఈ ప్రశ్న హైదరాబాదునకే పరిమితము కాదని మీకును తెలియును, నాకును తెలియును. పరుగుపందెమున మగపిల్లలను సయితము దాటిపోవు బాలిక ఏడవ తరగతి ముగియగానే ఆటస్థలమునకు రాకుండుట నేను పనిచేసిన బడులలో ఎన్నిమాఱులో చూచితిని. కారణ మడిగినచో పై మాటయే, కొంచెము మార్పుతో. మీర్జా దంపతులు మాత్రము బిడ్డను ఆటకు పంపుట మానలేదు.

మొదట ఒంటియాట సంగతి చెప్పుదును. 2005 జనవరిలో ఆస్ట్రేలియాలో జరిగిన పోటీయందు మూడవ అంచె చేరి, అమెరికా దేశపు సెరీనా విలియమ్సు చేతిలో ఓడెను. తరువాతి నెలలోనే మన హైదరాబాదున జరిగిన అంతర్జాతీయ పోటీలో గెలిచెను. అట్టి పోటీలో ఒంటియాట గెలిచిన మొదటి భారతస్త్రీ ఆమెయే; అప్పటి కామె వయస్సు 18 ఏండ్లు. ఆ యేడే అమెరికా పోటీలో నాలుగవ అంచెకు పోయెను. 2007 ఆగస్టులో ప్రపంచమున 27వ స్థానము చేరెను. ఇంతవఱకు మఱియే భారతస్త్రీయు ఒంటియాటలో అంత యెత్తునకు పోలేదు. కావున ‘ఒంటిగా నెగ్గలేక’ అను మాటలో సగము ఇక్కడనే రాలిపోవుచున్నది.

మిగిలిన సగము శరీరమునకు సంబంధించినది. ఆమె బలమంతయు కుడిచేతి విసరులో నుండెను. ఆ విసరునకు మూలము మణికట్టు. 2008లో ఆ మణికట్టే చెడెను. తల దువ్వుకొనుటకును చేయి యాడలేదని ఆమె అనంతరము చెప్పెను. శస్త్రచికిత్స జరిగెను. మోకాళ్లకును అట్లే జరిగెను. ఒంటియాటలో నేలయంతయు ఒక్కరే పరుగెత్తవలెను. ఆ యెముకలకు అది పడలేదు. 2013లో ఒంటియాటను పూర్తిగా విడిచెను. ఇరువదియాఱేండ్ల వయస్సున, తనకు పేరు తెచ్చినదానిని తానే విడుచుట యెట్టిదో ఆలోచింపుడు. దానిని విడిచి ఆమె చేరినచోట జనము తక్కువ, ధనము మఱియు తక్కువ. లండను నగరపు వింబుల్డను పోటీలో 2015వ సంవత్సరము ఒంటియాట గెలిచిన స్త్రీకి 18 లక్షల 80 వేల పౌండ్లు ఇచ్చిరి. జంటయాట గెలిచిన ఇద్దఱు స్త్రీలకును కలిపి 3 లక్షల 40 వేలు. తలకు లెక్క చూచిన పదకొండవ వంతు. మా యరుగుమీది పెద్దలు సగమనియైన ఒప్పుకొనిరి. దొరలు అంతమాత్రము కూడ ఒప్పుకొనలేదు!

ఇక జంటయాట యెట్టిదో కొంచెము వినుడు. ఆట జరుగు నేలను కోర్టు అందురు. న్యాయస్థానముతో దానికి సంబంధము లేదు. పొడవు 78 అడుగులు. నడుమ వల. ఒంటియాటకు వెడల్పు 27 అడుగులు, జంటయాటకు 36. ఆడువారు రెట్టింపైనను నేల రెట్టింపు కాదని గమనింపుడు. అందుచేత ఖాళీ తక్కువ, బంతి వచ్చు వేగ మెక్కువ. తరచు ఒకరు వెనుక నిలిచి బలముగా కొట్టుదురు, ఒకరు వల చెంత నిలిచి దారిలోనే బంతిని త్రుంచుదురు. వల చెంత నున్నవారు వీపు వెనుక వ్రేళ్లతో సంజ్ఞ చేసి తామెటు జరుగుదురో తోడివారికి ముందే తెలుపుదురు. బంతి ఇద్దఱి నడుమ వచ్చినపుడు, నీవు తీసికొందువని నేనును, నేను తీసికొందునని నీవును ఊరకుండినచో పని చెడును. ఇద్దఱును ఒక్కసారి చేయి చాచినను చెడును. ఎదుటివారి మొదటి బంతిని అందుకొనుటలో ఇద్దఱకును వేర్వేఱు ప్రక్కలు నిర్ణయమై యుండును; సెట్టు ముగియువఱకు వానిని మార్చుకొనరాదు. మన కాడియెడ్లలో దాపటెద్దును వలపట కట్టిన దుక్కి యెట్లు సాగునో మీ రెఱుగుదురు. రెండును బలమైనవే కావచ్చును. అడుగు కలియదు.

కాని యెడ్లజత యేండ్లతరబడి మారదు. ఇచ్చట అట్లు కాదు. నేటి జోడువారు రేపు ఎదుటి ప్రక్క నుందురు. సానియా 2009లో మహేశ్ భూపతితో కలిసి ఆస్ట్రేలియా పోటీలో స్త్రీపురుషుల జంటయాటను గెలిచెను; వారిద్దఱే 2012లో ఫ్రెంచి పోటీని గెలిచిరి. 2011లో రష్యా దేశపు ఎలెనా వెస్నీనాతో కూడి ఫ్రెంచి పోటీలో స్త్రీల జంటయాట తుదిమెట్టునకు పోయి, హ్లవాచ్కోవా, హ్రదెట్స్కా అను చెకు దేశపు జంట చేతిలో ఓడెను. ఈ పేర్లు పలుకుట నా బోటివారికి ఛందస్సుకన్న కష్టము, అయినను జ్ఞాపకముంచుకొనుడు, మరల వచ్చెదరు. 2014లో జింబాబ్వే దేశపు కారా బ్లాకుతో కలిసి ఆ సంవత్సరాంతపు పోటీని గెలిచెను. ఆ యేడే బ్రెజిలు దేశపు బ్రూనో సోరెసుతో అమెరికా పోటీలో స్త్రీపురుషుల జంటయాట గెలిచెను. నలుగురు తోడువారు, నాలుగు తీరుల ఆట. ఒక్కొక్కరితో అడుగు క్రొత్తగా కలుపుకొనవలసినదే. ఈ విద్య ఒంటియాట వారికి అక్కఱలేదు.

2015 మార్చిలో ఆమెకు స్విట్జర్లాండు దేశపు మార్టినా హింగిసు తోడయ్యెను. ఈ హింగిసు 1996లో పదునైదేండ్ల వయస్సుననే వింబుల్డనులో జంటయాట గెలిచినది. 1997లో ఒంటియాటలో ప్రపంచమున మొదటి స్థానము చేరినది. రెండుమాఱులు ఆట విరమించి 2013లో మరల జంటయాటకు వచ్చియుండెను. 2006లో వీరిద్దఱు ఎదురెదురుగా ఆడినవారే. కలకత్తాలో హింగిసు సానియాను చిత్తుగా ఓడించెను. కొలది దినములకే కొరియాలోని సియోలు నగరమున సానియా ఆమెను ఓడించెను. ఒకరి బలము, ఒకరి లోపము ఇంకొకరికి తెలిసియుండుట జోడు కుదురుటకు మంచిదేమో. సానియా వెనుకనుండి కుడిచేతితో బంతిని బలముగా విసరును. హింగిసునకు వల చెంత చేతి నేర్పును, ఎదుటివారి తలంపును ముందే పసిగట్టు తెలివియు నుండెను. కలిసి యాడిన మొదటి మూడు పోటీలను వరుసగా గెలిచిరి. ఆ మూడవదానితోనే సానియా ప్రథమస్థానము చేరెను.

ఆ యేడు జూలై 11వ తేదీన వింబుల్డనులో జరిగిన తుదిపోరు చెప్పదగినది. ఎదుట మకరోవా, వెస్నీనా. అవును, 2011లో సానియా ప్రక్కన నిలిచిన వెస్నీనాయే! మకరోవా ఎడమచేతివాటము మనిషి. మొదటి సెట్టు వారు 7-5గా గెలిచిరి. రెండవది ఆఱాఱుల వఱకు పోయి, విడగొట్టు ఆటలో వీరికి దక్కెను. మూడవ సెట్టున వీరు 2-5గా వెనుకబడిరి. ఇంకొక్క ఆట పోయినచో అంతయు ముగియును. అట్టి సమయమున ఒంటియాడు మనిషికి తన మనస్సొకటే శత్రువు. జంటలో రెండు మనస్సులుండును. ఒకటి క్రుంగినచో రెండవదియు క్రుంగవచ్చును, లేదా ఒకటి నిలిచి రెండవదానిని నిలుపవచ్చును. వీరు వరుసగా మూడాటలు గెలిచి 5-5 చేసిరి. ఇంతలో చీకటిపడెను. ఆ కోర్టుపై జరుపవీలైన కప్పు కలదు. ఆట నాపి కప్పు మూసి దీపములు వెలిగించిరి. ఊపు మీదనున్నవారికి ఇట్టి విరామము కీడే చేయునని నా యనుమానము. కాని మరల వచ్చి మిగిలిన రెండాటలును వీరే గెలిచి 7-5గా ముగించిరి. స్త్రీల జంటయాటలో నాలుగు మహాపోటీలలో నొకదానిని భారతస్త్రీ గెలుచుట అదియే మొదలు. మఱునాడు హింగిసు మన లియాండర్ పేసుతో కలిసి స్త్రీపురుషుల జంటయాటయు గెలిచినది.

ఇప్పుడు మా యరుగుమీది ప్రశ్న నడుగుదును. 2-5 నుండి 7-5 వఱకు వచ్చిన ఆ ఐదాటలలో సానియా వాటా యెంత, హింగిసు వాటా యెంత? రెండున్నరయు రెండున్నరయునా? కాలువలోని నీటిని చేనికి ఎత్తుటకు ఇద్దఱు గూడ వేసినపుడు, ఎదుటివాడు త్రాడు వదలిన మీరు సగము నీరైన తోడగలరా?

అదే సంవత్సరము అమెరికా పోటీని, 2016 జనవరిలో ఆస్ట్రేలియా పోటీని కూడ వీరు గెలిచిరి. ఆస్ట్రేలియాలో తుదిపోరున ఓడినవారు, ముందు నేను జ్ఞాపకముంచుకొనుమన్న హ్లవాచ్కోవా, హ్రదెట్స్కాలే. వరుసగా 41 పందెములు ఓటమి లేక గెలిచి, 2016 ఫిబ్రవరిలో దోహా నగరమున ఓడిరి. ఓడించిన జంటలో మరల వెస్నీనాయే యుండెను. ఆ ఆగస్టులో జోడు విడిపోయిరి. అప్పటికి గెలిచిన పోటీలు 14. విడిపోయిన వెంటనే సిన్సినాటీ నగరమున జరిగిన పోటీలో తుదిపోరున ఇద్దఱును ఎదురెదురైరి. సానియా చెకు దేశపు స్ట్రిత్సోవాతో కూడి హింగిసు జంటను ఓడించెను. ఇట్టి విడిపాటులలో పత్రికలవారు కలహము వెదకుదురు. బాగుగా సాగని జోడును విడదీసి, ఎదురుపడినపుడు పూర్తిశక్తితో ఆడి, ఆ సంవత్సరాంతమున మరల కలిసి ఆడుట కలహించువారి లక్షణముగా నాకు కనబడలేదు. అన్నదమ్ములు వేఱుపడిన యిండ్లలో ఈ పద్ధతి యుండినచో కోర్టులకు, అనగా న్యాయస్థానములకు, కొంత పని తగ్గును.

2018లో కుమారుడు జన్మించెను. రెండేండ్లకు పైగా ఆటకు దూరమై యుండి 2020 జనవరిలో ఆస్ట్రేలియాలోని హోబర్టు నగరమున మరల దిగి, యుక్రెయిను దేశపు నదియా కిచెనోకుతో ఆ పోటీనే గెలిచెను. స్త్రీల జంటయాటలో ఆమె గెలిచిన పోటీలు మొత్తము 43.

విరమణమును ఆమె ముందుగనే ప్రకటించెను. 2023 జనవరిలో ఆస్ట్రేలియాలో చివరి మహాపోటీ ఆడెను. తోడు రోహన్ బోపన్న. పదునాలుగేండ్ల వయస్సున ఆమెకు స్త్రీపురుషుల జంటయాటలో తొలి జోడు ఈ బోపన్నయే. అప్పుడు ఇద్దఱును కలిసి జాతీయపోటీ గెలిచిరి. ఇరువదిరెండేండ్ల తరువాత తుదిపోరు వఱకు పోయి బ్రెజిలు జంటకు ఓడిరి. నాలుగేండ్ల కుమారుడు చూచుచుండగా మాటలాడుచు ఆమె కన్నీరు పెట్టెను. ఫిబ్రవరిలో దుబాయిలో తుదిపోటీ. అందు తొలి అంచెననే ఓడెను.

మార్చి 5వ తేదీన హైదరాబాదులోని లాల్ బహదూర్ క్రీడాస్థలమున వీడ్కోలు ఆటలు జరిగెను. 2005లో ఒంటియాట గెలిచినదియు అచ్చటనే. బోపన్న మొదలగు పలువురు ఆటగాండ్రు వచ్చిరి. ఆ వృత్తాంతము పత్రికలో చదివిన నాడు మా యరుగుమీద ఒక పెద్ద, తన మనుమరాలిని మండలకేంద్రమున జరుగు ఆటలపోటీకి పంపవచ్చునా యని నన్నడిగెను. ఒంటరిగా పంపుటకు ఇంట సందేహించుచున్నారట. తోడు మఱియొక పిల్లను వెదకుమంటిని. ఇప్పుడిద్దఱును పోవుచున్నారు.