గంజాయి శివప్రసాదమా?



ఇది ఒక బాలునకు మేము బాకీపడిన సమాధానము.

కొన్ని సంవత్సరములకు పూర్వము ఈ కొత్తచెరువు ప్రాంతపు వేరుసెనగ రైతు కుమారుడొకడు మాయొద్ద పురుషసూక్తమును, రుద్రమును నేర్చెను. చక్కని ధారణ గలవాడు. ఒకసారి సంత చెప్పిన పనసను మరల అడుగవలసిన పని లేకుండెను. పిమ్మట ఇంజనీరింగు చదువునకై నగరమునకు పోయెను. సెలవులలో వచ్చి, “స్వామీ, శివుడు గంజాయి సేవించునని మా హాస్టలులో చెప్పుచున్నారు. నిజమేనా?” అని యడిగెను. “గుడిలో ఇట్టి మాటలా!” యని కసరి పంపితిమి. ఆ ప్రశ్న వెనుకనున్న ప్రమాదమును గుర్తింపలేకపోతిమి.

రెండేండ్ల తరువాత తండ్రి వానిని వెంటబెట్టుకొని వచ్చెను. పరీక్షలు తప్పినవి. ఇంటిలో ఎవరితోను మాటలాడుట లేదు. రుద్రము చెప్పుమంటిమి. మూడవ అనువాకముకడ నిలిచిపోయెను. ఎంతసేపటికిని తరువాతి పదము రాలేదు. తండ్రి మా ముఖము వంక చూచుచు నిలుచుండెను. ఆనాడు కోపింపక సమాధానము చెప్పియుండిన బాగుండెడిది గదా యను బాధ మాకు నేటికిని తీరలేదు. ఆ సమాధానమును ఇప్పుడు మీ యందరి యెదుట చెప్పుచున్నాము.

అథర్వవేదము పదునొకండవ కాండమున, పాపవిమోచనమును కోరు సూక్తములో, సోమము, దర్భ, యవలతోపాటు భంగ యను ఓషధి పేరు కలదు. అంతమాత్రమున దానిని పొగగా పీల్చుమని వేదము విధించినట్లా? అట్టి విధి యచట లేదు. స్తుతి వేరు, విధి వేరు అని మీమాంసకులు మనకు ఏనాడో నేర్పియున్నారు. ఇక పరమశివుడు హాలాహలమును గ్రహించినది మత్తుకొరకు కాదు, లోకరక్షణకొరకు. దానిని చూచి మనము విషము త్రాగిన, అది భక్తి యగునా? కాశీలో కొందరు సాధువులు పొగత్రాగుట చూచితిమందురు. కనబడినదెల్ల ఆచారము కాదు.

విద్యార్థికి ఉపాస్యమైన శివరూపము దక్షిణామూర్తి. ఆ స్వామి పాదముక్రింద ఎవడు పడియున్నాడో గమనించితిరా? వాడు అపస్మారుడు. అనగా స్మృతిని హరించువాడు. గురుస్వరూపుడైన శివుడు దేనిని కాలితో అణచియుంచెనో, దానినే శివుని పేరు చెప్పి నెత్తికెత్తుకొనుట ఎంతటి విపరీతము!

శార్ఙ్గధరసంహిత భంగను వ్యవాయిద్రవ్యమునకు ఉదాహరణముగా చెప్పినది. జీర్ణము కాకమునుపే శరీరమంతట వ్యాపించునది యని దానికి అర్థము. బుద్ధిని లోపింపజేయునది మదకారి యనియు ఆ గ్రంథమే నిర్వచించినది. వైద్యుడు రోగమునకు మాత్రతో ఇచ్చు ఓషధి వేరు, హాస్టలు గదిలో నలుగురు చేరి పీల్చు పొగ వేరు. నేటి వైద్యులు చెప్పునదియు దీనికి భిన్నము కాదు. గంజాయిలోని మత్తుపదార్థము జ్ఞాపకశక్తిని, ఏకాగ్రతను దెబ్బతీయును. మెదడు పరిణతి చెందుట సుమారు 25 ఏండ్ల వరకు సాగుచుండును గనుక పదునెనిమిదేండ్ల బాలునకు హాని అధికము. కొందరిలో అది మతిభ్రమణమునకు దారితీయును. చిన్న వయసుననే మొదలిడినవారిలో ప్రతి 6 మందిలో ఒకడు దానికి బానిస యగునని అంచనా. ఆ యొకడు తాను కాడని ఎవడు చెప్పగలడు?

కచుని కథ మీరెరుగుదురు. మృతసంజీవని నెరిగిన శుక్రాచార్యుడంతటివాడు, అసురులు శిష్యుని బూడిదను సురలో కలిపి యిచ్చినను తెలియక త్రాగెను. తెలిసిన పిమ్మట మద్యమునే శపించెను. అంతటి గురువు వివేకమునే మత్తు కప్పివేయగా, “మేము హద్దులో ఉందుము” అను బాలుని మాటను నమ్మవచ్చునా?

ఇందు మరియొక ప్రమాదము కలదు. మన రాష్ట్రపు తూర్పుకొండలలో పాడేరు, చింతపల్లి ప్రాంతములందు ఈ పంట చాలకాలము సాగినది. 2021లో పోలీసులు ‘పరివర్తన’ పేర తోటలను నరికించిరి. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి సమీపమున కోడూరు వద్ద సుమారు 2 లక్షల కిలోల సరకును తగులబెట్టిరి. ఇట్టి వ్యాపారమునకు సంచి మోయువాడు కావలెను. “ఈ సంచి ఫలానావారికి ఇచ్చిరమ్ము, ఖర్చులకు డబ్బిత్తుము” అని స్నేహితుడు చెప్పును. 1985 నాటి మాదకద్రవ్యముల చట్టము ప్రకారము ఆ సరకు 20 కిలోలు దాటినచో శిక్ష 10 ఏండ్లకు తక్కువ కాదు, 20 ఏండ్లవరకు ఉండవచ్చును. జరిమానా లక్ష రూపాయలకు తగ్గదు. కేవలము సేవించుటకును ఆరు మాసముల వరకు ఖైదు కలదు.

అయితే ఆ చట్టమునందే దయయు కలదు. వ్యసనపరుడు కొద్దిపాటి సరకుతో పట్టుబడినను, తనంతట తాను గుర్తింపుపొందిన వైద్యశాలలో చేరి చికిత్స పూర్తిచేసికొన్నచో, 64-ఏ విభాగము వానికి విచారణనుండి రక్షణ నిచ్చుచున్నది. కనుక తల్లిదండ్రులారా, పరువునకు వెరచి దాచకుడు, కొట్టకుడు. వైద్యునికడకు గొనిపొండు. అమ్మువారిని గూర్చి తెలిసినచో 1972 సంఖ్యకు ఫోను చేసి, 2024లో ఏర్పడిన ఈగల్ దళమునకు తెలుపుడు.

చెరువుపేరనే వెలసిన ఊరు మనది. కట్టలో ఎండ్రకాయ తొలిచిన బొక్కను ఆనాడే పూడ్చినచో బుట్టెడు మన్ను చాలును. ఉపేక్షించిన గండి పడును. పిల్లవాడు మొదటి ప్రశ్న అడిగిన దినమే ఆ బొక్క కనబడిన దినము. మావలె కసరకుడు. కూర్చుండబెట్టి సమాధానము చెప్పుడు.

ఆ బాలుడు చికిత్స పొంది, మరల చదువున చేరినాడు. సెలవులలో వచ్చి మాయొద్ద రుద్రము చెప్పుచున్నాడు. మూడవ అనువాకమున నేటికిని కొంచెము తడబడును. మేము అందించెదము, వాడు అందుకొనును. దక్షిణామూర్తి మన బిడ్డల మేధను రక్షించుగాక!

స్వస్తి.