పాత విమానం, మన కాంటా

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



అమెరికాలో నా అనుభవాల గురించి మాట్లాడమని సంఘం కార్యదర్శి ఫోన్ చేశాడు. ఉద్యోగం గురించి చెబితే పావుగంటలో అందరూ నిద్రపోతారు, పంపులు తయారుచేసే కంపెనీలో ఇంజనీరును. అందుకని ఒక పాత విమానం కొని బాగు చేసుకున్న సంగతి చెబుతానన్నాను. "నీకు విమానమెక్కడిది రా? బడికి నా సైకిల్ మీదనే వస్తుంటివి కదా!" అన్నాడు. నిజమే. సైకిల్ వాడిదే, పంక్చరు డబ్బులు మాత్రం నావి.

మా నాయన మార్కెట్ యార్డులో దడువాయి. పసుపు సీజన్ వచ్చిందంటే పొద్దున కాంటా దగ్గర నిలబడితే చీకటిపడే దాకా అక్కడే. సెలవు రోజుల్లో సద్ది తీసుకొని నేనూ పోయేవాణ్ణి. ఉడకబెట్టి, ఎండబెట్టి, డ్రమ్ములో వేసి తిప్పిన పసుపు కుప్పలు బంగారంలా మెరిసేవి. ఖరీదుదారు మాత్రం ఆ మెరుపు చూడడు. కుప్పలో చెయ్యి పెట్టి, అడుగునుంచి ఒక కొమ్ము తీసి, ఫట్టున విరిచి లోపలి రంగు చూస్తాడు. ఇది ఆర్మూరులో పుట్టిన ప్రతివాడికీ తెలిసిన విషయమే. యాభై ఏళ్లకు దగ్గరపడ్డాక నేనే దాన్ని మరిచిపోయాను, అందుకే ఈ కథ.

ముందు ఇంట్లో కట్టుకునే విమానం అంటే ఏమిటో చెప్పాలి. రైట్ సోదరులు సైకిళ్ల దుకాణం నడుపుకుంటూ 1903లో ఎగిరారు. అంటే మొదటి విమానమే ఇంటి విమానం. అమెరికాలో ఇప్పటికీ ఆ అలవాటు పోలేదు. 1953లో విస్కాన్సిన్‌లో ఇలాంటివాళ్లంతా కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు. ఏటా ఎండాకాలంలో ఆష్‌కాష్ అనే ఊళ్లో వాళ్ల జాతర జరుగుతుంది. మన సమ్మక్క జాతరకు బండ్లు కట్టుకుని పోయినట్టు అక్కడికి విమానాల్లో వచ్చి, రెక్కల కింద గుడారాలు వేసుకుని పడుకుంటారు. చట్టం అడిగేది ఒకటే. విమానంలో సగానికి పైగా పని కట్టుకునేవాడు తన చేతులతో చేయాలి, అదీ నేర్చుకోవడానికో సరదాకో. కట్టాక ప్రభుత్వం తనిఖీ చేసి అనుమతి ఇస్తుంది. తలుపు దగ్గర మాత్రం 'ప్రయోగాత్మకం' అని పెద్ద అక్షరాలతో రాయాలి, ఎక్కేవాడు చూసి ఎక్కాలన్నమాట.

మనవాళ్లు చేయలేదా అంటే చేశారు. ముంబయిలో అమోల్ యాదవ్ అనే పైలట్ తన ఇంటి డాబా మీద ఆరు సీట్ల విమానం కట్టి, ఏళ్ల తరబడి కార్యాలయాల చుట్టూ తిరిగి 2017లో రిజిస్ట్రేషన్ సాధించాడు. కేరళ ఆలప్పుళ నుంచి ఇంగ్లండు వెళ్లిన అశోక్ తామరాక్షన్ కరోనా రోజుల్లో నాలుగు సీట్లది కట్టి కుటుంబాన్ని ఎక్కించుకుని తిరిగాడు. నాకు అంత ఓపిక లేదు. ఎవరో కట్టినది కొందామనుకున్నాను. కట్టడం కంటే కొనడం తేలిక అనుకున్నాను కూడా.

ఐయోవా రాష్ట్రంలో మక్క చేన్ల మధ్య ఒక చిన్న రన్‌వే, పక్కన రేకుల షెడ్డు. అందులో ఆర్‌వీ-6ఏ రకం విమానం. పక్కపక్కనే రెండు సీట్లు, అల్యూమినియం రేకు ఒళ్లు, వేల రివెట్లు, ముందు నాలుగు సిలిండర్ల లైకమింగ్ ఇంజన్. గంటకు 280 కిలోమీటర్లు అవలీలగా పోతుంది. కట్టినాయన ట్రాక్టర్లు బాగుచేసే మెకానిక్. తొమ్మిదేళ్లు కట్టాడు, ఆ తర్వాత చాలా ఏళ్లు నడిపాడు, గుండె జబ్బుతో మానేశాడు, చనిపోయాడు. ఏడేళ్లుగా అది నేల మీదే ఉంది. భార్య అమ్ముతోంది. ధర చెప్పను, మా ఆవిడ ఈ సభలోనే ఉంది.

ఆ పెద్దావిడ గుడ్డ తీసింది. ఎర్రటి రంగు, మీద దుమ్ము రవ్వ లేదు. నెలనెలా మా అబ్బాయి వచ్చి పది నిమిషాలు ఇంజన్ తిప్పి పోతాడు, పాడు కావద్దని, అంది. ఆ మాట విన్నప్పుడు నా మనసులో ఏదో కలుక్కుమనాలి. కలుక్కుమంది కూడా, కానీ రంగు చూస్తూ దాన్ని పక్కకు నెట్టాను. వాతావరణం బాగుంది. ఇంటికి గంటన్నర ప్రయాణం. చెక్కు రాసిచ్చి ఆ సాయంత్రమే ఎగిరిపోవచ్చు.

నాతోపాటు లైసెన్సున్న ఒక ముసలి మెకానిక్‌ను తీసుకుపోయాను. ఆయన సిలిండర్లలో గాలి నింపి కొలిచాడు. 80కి 75, 76, 74, 76. బ్రహ్మాండం అన్నాను. ఒక సిలిండర్ విప్పుదాం అన్నాడు. ఎందుకు, అంకెలు బాగున్నాయి కదా అని వాదించాను. ఆ అంకెలు వాల్వుల గురించీ రింగుల గురించీ చెబుతాయి, క్యామ్‌షాఫ్ట్ గురించి చెప్పవు అన్నాడు.

నాకు తెలియని సంగతి కాదిది. ముప్పై ఏళ్లుగా ఇంజనీరును. ఆ రకం ఇంజన్లలో క్యామ్‌షాఫ్ట్ పైన ఉంటుంది. ఇంజన్ తిరిగినప్పుడు చిందే నూనెతోనే తడుస్తుంది. ఆపేస్తే కొన్ని వారాల్లో ఆ నూనె కారిపోయి ఇనుము ఒట్టిగా మిగులుతుంది. ఇక ఇంధనం కాలితే నీటి ఆవిరి పుడుతుంది, కొంత నూనెలో కలుస్తుంది. నూనె బాగా కాగితేనే ఆ నీరు ఆవిరై బయటికి పోతుంది. నేల మీద పది నిమిషాలు తిప్పితే కాగదు. అంటే ఆ అబ్బాయి నెలనెలా తండ్రి విమానానికి సేవ చేస్తున్నాననుకుంటూ లోపలికి ఇంత నీళ్లు పోసి మూత పెట్టాడు.

సిలిండర్ విప్పారు. టార్చి వేసి చూస్తే క్యామ్ ముక్కు మీద తుప్పు గుంటలు, దాని మీద నడిచే లిఫ్టర్ ముఖం పెచ్చులూడి ఉంది. ఆ పెచ్చులు నూనెలో కలిసి ఇంజనంతా తిరుగుతాయి. ఇంటికి చేరేవాణ్ణేమో, చేరకపోయేవాణ్ణేమో. మెకానిక్ ఏమీ అనలేదు, టార్చి నా చేతికిచ్చాడు.

ఆవిడకు చెప్పడం కష్టమైంది. "అయితే మేమే పాడుచేశామా?" అని అడిగింది. కొడుకు పక్కనే ఉన్నాడు. కాలం పాడుచేసింది అన్నాను. అది పూర్తి నిజం కాదు, అయినా ఆ ఒక్క అబద్ధానికి నేనిప్పటికీ పశ్చాత్తాపపడను. ధర తగ్గించింది. రెక్కలు విప్పి ట్రైలర్ మీద ఇంటికి తెచ్చుకున్నాను. గంటన్నర ప్రయాణానికి నాలుగు రోజులు పట్టింది.

తర్వాత రెండున్నరేళ్లు నా కారు బయట వానలో, మంచులో నిలబడింది. ఇంజన్‌ను ఓవర్‌హాల్ చేసే షాపుకు పంపి మిగతాది నేను విప్పాను. మన దేశంలోలాగా కాదు, ఇంటి విమానాన్ని అక్కడ ఎవరైనా రిపేరు చేసుకోవచ్చు. కానీ ఏడాదికోసారి జరిగే తనిఖీకి సంతకం పెట్టే హక్కు అప్పట్లో కట్టినవాడికో లైసెన్సున్న మెకానిక్‌కో మాత్రమే ఉండేది. కట్టినవాడి హక్కు అతనితోనే పోతుంది, విమానంతోపాటు కొన్నవాడికి రాదు. మంచి పద్ధతే అనిపిస్తుంది నాకు.

ఎడమ రెక్కలో ఎలుక గూడు. దాని మూత్రానికి అల్యూమినియం తెల్లగా పొడిబారి ఉంది, ఆ రేకు ముక్క కోసి మార్చాను. ఇంధనం గొట్టాలు చూడడానికి బాగున్నాయి, వంచితే పగిలాయి. వేగం కొలిచే సన్నటి గొట్టంలో కందిరీగ మట్టిగూడు కట్టింది. నవ్వే సంగతి కాదిది. 1996లో డొమినికన్ రిపబ్లిక్‌లో ఒక బోయింగ్ 757 సముద్రంలో కూలి 189 మంది పోయారు. కొన్నాళ్లు ఆగి ఉన్న విమానంలో అలాంటి గొట్టం మూసుకుపోయింది, కందిరీగే కారణమై ఉంటుందని దర్యాప్తు చేసినవాళ్లు భావించారు.

ఆ పెద్దావిడ విమానంతోపాటు భర్త నోటుబుక్కులు కూడా ఇచ్చింది. ఏ రోజు ఎన్ని గంటలు చేశాడో, ఏ రివెట్టు వంకరగా పడితే తీసేసి మళ్లీ కొట్టాడో, అన్నీ పెన్సిలుతో రాసుకున్నాడు. ఆయన్ని నేను ఎప్పుడూ చూడలేదు. కానీ రెక్క లోపలికి అద్దం పెట్టి ఆయన రాసిన చోట చూస్తే రాసింది రాసినట్టే ఉండేది. నెమ్మదిగా ఆయన మీద ఎంత నమ్మకం కుదిరిందంటే, కొన్ని చోట్ల చూడకుండానే ఉందిలే అనుకోవడం మొదలుపెట్టాను.

అప్పుడు తూకం వచ్చింది. మూడు చక్రాల కింద మూడు కాంటాలు పెట్టి విమానాన్ని తూచాలి. బరువు ఎంతో, ఆ బరువు మధ్య ఎక్కడ పడుతుందో తేలాలి. మధ్య మరీ వెనక్కి పోతే ముక్కు పైకి లేచాక దించలేని పరిస్థితి వస్తుంది. కాగితాల మీద 1,032 పౌండ్లు అని ఉంది. కాంటాలు 1,071 చూపించాయి. మన లెక్కలో దాదాపు 18 కిలోలు తేడా. కాంటాలు మార్చి మళ్లీ తూచాను, అంతే. రివెట్టు రివెట్టుకూ లెక్క రాసిన మనిషి, తర్వాత వేయించిన రెండో పూత రంగు రాయలేదు, మెత్తటి సీట్లు రాయలేదు, రెండో రేడియో రాయలేదు. మా నాయన ఉంటే నవ్వేవాడు. సంచి మీద ఎంతని రాసున్నా ఆయన కాంటా ఎక్కించనిదే తూకం పలికేవాడు కాదు. "రాత రైతుది, తూకం నాది" అనేవాడు. వెనక సామాన్ల అరలో 100 పౌండ్లు పెట్టొచ్చని అతికించిన చీటీ పీకేసి 60 అని రాశాను.

ఇక నా తప్పు. ఇది మా ఆవిడకు కూడా చాలాకాలం చెప్పలేదు.

పదో తరగతిలో లఘులోలకం ప్రయోగం అందరికీ గుర్తుండే ఉంటుంది. నేనూ నా పక్కవాడూ లోలకం నాలుగుసార్లు ఊపి, విసుగొచ్చి, జవాబు 980 రావాలని తెలుసు కాబట్టి వెనక నుంచి లెక్క చేసి రీడింగులన్నీ నింపేశాం. ఇక్కడే కూర్చున్న మా సైన్సు సారు రికార్డు తిప్పి చూశారు. "ఏం రా, లోలకం ఊపినవా, లెక్క ఊపినవా?" అన్నారు. మూడు పేజీలకు అడ్డంగా ఎర్ర సిరాతో గీత కొట్టారు. "తప్పొస్తే తప్పే రాయి. ఎందుకొచ్చిందో మళ్ల చూద్దాం" అన్నారు. ఆ సాయంత్రం బడి అయ్యాక ఇద్దరం ఒంటరిగా లోలకం ఊపుతూ కూర్చున్నాం. మాకు 941 వచ్చింది, అదే రాశాం.

విమానంలో నట్టు బిగించాక దాని మీదుగా ఎర్ర లక్కతో ఒక గీత గీస్తారు. గీత తెగితే నట్టు కదిలిందని తెలుస్తుంది. గీత ఉందంటే కొలత పానాతో సరిగ్గా బిగించారని అర్థం. ఇంజన్ తిరిగి అమర్చాక ఒక రాత్రి ఇంధనం గొట్టాల నట్లు బిగిస్తున్నాను. కార్బురేటర్ దగ్గర ఒకటి చేయి పట్టని మూల. వేళ్లతో తిప్పి వదిలాను. లక్క ఆరిపోతోందని అన్నింటికీ గీతలు గీసేశాను, దానికి కూడా. పానా తర్వాత పెడదామనుకున్నాను. ఇంతలో అమ్మాయి ఫోన్ చేసింది. మరిచిపోయాను.

పది రోజులకు ముసలి మెకానిక్ తనిఖీకి వచ్చాడు. గీత ఉన్నా లేకున్నా ప్రతి నట్టు మీదా చెయ్యి వేయడం ఆయన అలవాటు. ఆ మూలకు చెయ్యి దూర్చి, రెండు వేళ్లతో తిప్పాడు. తిరిగింది. దాని కిందనే ఎర్రగా కాలే పొగగొట్టం ఉంటుంది. గాల్లో ఉండగా అక్కడ పెట్రోలు కారితే మిగిలేది ఏమీ ఉండదు.

"గీత ఎవరు గీశారు?" అని అడిగాడు.

"నేనే."

ఆయన ఇంకేమీ అనలేదు. చేతులు తుడుచుకొని కూర్చున్నాడు. నాకు మాత్రం ఈ బడి ల్యాబు, ఆ ఎర్ర సిరా కళ్ల ముందుకొచ్చాయి. ఇన్నేళ్లు దాటినా వెనక నుంచి లెక్క చేసే బుద్ధి పోలేదన్నమాట. ఆ రోజు సంతకం వద్దన్నాను. విమానం మొత్తం మీద నేను గీసిన గీతలన్నీ స్పిరిట్‌తో తుడిచేశాను, మళ్లీ ఒక్కో నట్టుకు పానా పెట్టి, బిగించి, అప్పుడే గీత. రెండు వారాంతాలు పట్టింది. ఇంకో వదులు నట్టు దొరకలేదు.

మొదటిసారి ఎగిరిన సంగతి అందరూ అడుగుతారు. చెప్పడానికి పెద్దగా లేదు. ఒంటరిగా, పొద్దున్నే, రన్‌వే మీదనే గుండ్రంగా తిరుగుతూ ఇరవై నిమిషాలు. కళ్లు నూనె వేడి చూపే ముల్లు మీదే ఉన్నాయి. దిగాక చొక్కా పిండితే నీళ్లు వచ్చేవి. చిన్నప్పుడు సిద్ధులగుట్ట మీది నుంచి కాగితపు విమానాలు వదిలితే ఇంతకంటే ఆనందంగా ఉండేది.

ముప్పై గంటలు ఒంటరిగా తిప్పాక ఐయోవా వెళ్లాను. పెద్దావిడ, కొడుకు రన్‌వే దగ్గర నిలబడి ఉన్నారు. ఎక్కుతారా అంటే ఆవిడ వద్దంది. అబ్బాయి ఎక్కాడు. వాళ్ల ఇంటి మీదుగా రెండు చుట్లు తిరిగాం. మేం దిగేసరికి ఆవిడ భర్త నోటుబుక్కు చదువుతోంది. ఆయన పెన్సిలు రాత ఆగిన చోటు నుంచి అందులోనే నేను పెన్నుతో రాస్తున్నాను. నా రాతలో మొదటి పేజీలో క్యామ్‌షాఫ్ట్, రెండో పేజీలో 39 పౌండ్ల తేడా, మూడో పేజీలో కార్బురేటర్ నట్టు, గీత నేనే గీశానన్న సంగతీ ఉన్నాయి. ఇది ఎవరు చదువుతారు అని అడిగింది. దీన్ని నా తర్వాత కొనేవాళ్లు అన్నాను. ఆవిడ క్యామ్‌షాఫ్ట్ పేజీ తిప్పి మళ్లీ చదివింది. కొడుకు అటు వస్తుంటే పుస్తకం మూసి నాకు ఇచ్చేసింది.

పెచ్చులూడిన ఆ లిఫ్టరును వెంట తెచ్చాను. శంషాబాద్‌లో సంచి తనిఖీ చేసినాయన ఇదేమిటని పది నిమిషాలు నిలబెట్టాడు. సారు అనుమతిస్తే మన ఫిజిక్స్ ల్యాబులో పెడదాం. ఇప్పుడు ఈ బల్ల మీద ఉంచుతున్నాను, భోజనాలకు పోయేముందు పిల్లలు వచ్చి వేలు పెట్టి చూడొచ్చు. అంచు గీసుకుంటుంది, జాగ్రత్త.