అప్పునకు దేహము తాకట్టా?
(ఉయ్యూరు పఠనమందిరమున చేసిన ప్రసంగ పాఠము)



ఉయ్యూరి బజారులో నొకని నిలిపి "నీవు చెఱసాలకు బోదువా?" యని యడిగిన, "నేనేమి దొంగనా?" యని మండిపడును. దొంగలే చెఱసాలకు బోవుదురని మనవారి నమ్మిక. ఏ నేరమును జేయక, పుచ్చుకొన్న సొమ్ము తిరిగి యియ్యలేకపోయినందుననే చెఱసాల జూచినవారు మన దేశమున తరతరములుగా గలరు. చట్టము వారికి సివిలు ఖైదీలని పేరు పెట్టినది. నేరస్థుడు కాని ప్రతి ఖైదీయు సివిలు ఖైదీయే యని 1894వ సంవత్సరపు జైళ్ళ చట్టము నిర్వచించినది. నేరస్థుడు కానివాడు ఖైదీ యెట్లయ్యెనో ఆ చట్టము విచారింపలేదు. మనము విచారింతము.

ఇది తెల్లవారు తెచ్చిన వింత యని మేమనుట లేదు. ఋణము రాబట్టుకొనుటకు మనువు చెప్పిన అయిదు ఉపాయములలో కడపటిది బలము. బాకీదారుని చుట్టు గీత గీసినచో, బాకీ తీర్చువఱకు వాడది దాటరాదను ఆచారమును మాబారు దేశమున చూచితినని మార్కోపోలో వ్రాసెను. సర్కారు పైకమునకు లెక్క యొప్పజెప్పలేక గోలకొండ కోటలో చెఱపడిన భద్రాద్రి రామదాసుని కథ తెలియని తెలుగువాడు లేడు. ఆయనయు నేటి లెక్క ప్రకారము శిస్తు బకాయిదారుడే. కాని ఆ గీతకు, ఆ కోటకు వెనుక నొక వ్యక్తి యుండెను. వాని కాళ్ళపై బడవచ్చును, వాని మనసు కరగవచ్చును. కుంపిణీ దొరతనము ఆ వ్యక్తిని తీసివైచి కాగితమును గూర్చుండబెట్టినది.

ఆ కాగితమునకు ముందు మఱి యొక యధ్యాయము గలదు. శిస్తు చెల్లింపని రైతుల వ్రేళ్ళను కొయ్యల నడుమ బిగించి నొక్కు 'కిట్టీ' యను సాధనము, మెడ వంచి కాలి బొటనవ్రేలికి త్రాటితో గట్టి యెండలో నిలుపు శిక్ష చెన్నరాజధానిలో వాడుకలో నుండెను. చెన్నపట్టణమున 'క్రెసెంటు' పత్రికను నడిపిన మన తెలుగువారు గాజుల లక్ష్మీనరసుసెట్టిగారు ఈ క్రౌర్యమును బయటబెట్టిరి. 1853లో పార్లమెంటు సభ్యుడు డాన్బీ సేమరు వచ్చినపుడు బాధితులను స్వయముగా చూపించిరి. అందుపై ఏర్పడిన చిత్రహింసల విచారణసంఘము 1855లో నివేదిక నొసగి, ఆరోపణ నిజమని యొప్పుకొన్నది. కిట్టీ పోయినది. దాని స్థానమున తాళము వచ్చినది: 1864వ సంవత్సరపు రెవిన్యూ వసూలు చట్టము శిస్తు బకాయికి రెండేండ్ల వఱకు ఖైదు విధింపవచ్చుననెను. ఖైదు ముగిసినను బాకీ తీరదనియు నందే వ్రాసిరి.

ప్రైవేటు ఋణముల సంగతియు నిట్టిదే. 1859వ సంవత్సరపు సివిలు విధానచట్టము పెద్ద బాకీలకు రెండేండ్ల ఖైదు నిర్ణయించినది. పదేండ్లకు, అనగా 1869లో, ఇంగ్లండు తన ప్రజలకు అప్పుల ఖైదును చాలవఱకు రద్దు గావించుకొన్నది. ఇచట మాత్ర మది నిలిచినది. 1888లో స్త్రీలకు మినహాయింపు దొరికినది. 1908వ సంవత్సరపు చట్టము కాలమును తగ్గించి, యాబది రూపాయలు మించిన డిక్రీకి ఆరు నెలలు, అంతకు లోబడిన దానికి ఆరు వారములు గరిష్ఠముగా నుంచినది.

ఇందలి యేర్పాటు చిత్రమైనది. బాకీదారుని బత్తెము డిక్రీదారుడే నెలనెలకు ముందుగా కట్టవలెను. కట్టుట మానెనా, ఖైదీ విడుదల. బట్టలు, పఱుపు జైలువా రిచ్చిరా, ఆ ఖర్చును అడిగిన నలువదియెనిమిది గంటలలో డిక్రీదారుడే చెల్లింపవలెను. ఇట్లు పెట్టిన బత్తెమంతయు తిరిగి దావా ఖర్చులలో జేరి బాకీదారుని నెత్తికే వచ్చును! జైలులో తిన్న కూటికి కూడ వాడు ఋణపడును. సంపాదించు చేతులను గట్టివైచి, వాని తిండిని వాని ఖాతాలో వ్రాసి, సొమ్ము తెమ్మనుట యే వ్యాపారమో షావుకారులే చెప్పవలెను. వారు దీనిని వసూలు మార్గముగా నెంచలేదు. పరువునకు వెఱచి బంధువు లెవరో పుస్తె యమ్మియైన తెత్తురనియే వారి యాశ. చట్టము బాకీదారుని పట్టినను, వడ్డీ చెల్లించినది వాని యింటివారి మానము.

బత్తెపు రేట్లను "అంతస్తు, జాతి, జాతీయత" ననుసరించి ప్రభుత్వము నిర్ణయింపవచ్చునని 57వ సెక్షను. తెల్లవాని యాకలి వేఱు, నల్లవాని యాకలి వేఱు! స్వరాజ్యము వచ్చి డెబ్బదియేండ్లు దాటినను ఆ మాటలు పుస్తకమున నట్లే యున్నవి. ఇంతకాలము వానిని కొట్టివేయువారు దొరకకపోవుట మాకు సిగ్గుగా నున్నది.

జైలు లోపల సివిలు ఖైదీని నేరస్థులతో గలుపరాదు. తన తిండి, తన బట్ట తెప్పించుకొనవచ్చును. అనుమతితో తన వృత్తియు జేసికొనవచ్చును. కలిగినవానికి ఇది గౌరవమైన మర్యాదయే. ఇంటినుండి గంజియైన రాని కౌలురైతునకు ఈ మర్యాదలో మిగులునది బత్తెము మాత్రమే. మఱియొక వైపు చూడుడు. 1908లో బెజవాడ 'స్వరాజ్య' పత్రికలో వ్రాసిన వ్రాతకు గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారికి పడిన ఆరు నెలల శిక్షను హైకోర్టు మూడేండ్లకు పెంచినది. వేలూరు చెఱలో వారిని సామాన్య నేరస్థులలో నొకనిగా నుంచిరి. అప్పు నెగవేసినవాడు నేరస్థుడు కాడు, అభిప్రాయము వ్రాసినవాడు నేరస్థుడు: ఆనాటి దొరతనము దేనికి వెఱచెనో ఈ యొక్క పోలిక వలన తెలియుచున్నది.

ఇక మన కృష్ణా డెల్టా. 1855లో ఆనకట్ట ముగిసినది, కాలువనీరు వచ్చినది, భూమికి విలువ వచ్చినది, విలువగల భూమిని జూచి అప్పిచ్చువాడు వచ్చినాడు. పంట యమ్మి తీర్తుమనియో, వీరమ్మతల్లి తిరునాళ్ళకు తీర్తుమనియో నోట్లు వ్రాసిరి. 1929 తరువాత ధాన్యపు ధర దాదాపు సగమునకు బడిపోయినది. నోటుపై నంకె పడిపోలేదు. చెన్నరాజధాని రైతుల ఋణము 1930లో నూటయేబది కోట్లని బ్యాంకింగు విచారణసంఘము లెక్కించినది. 1935లో సత్యనాథనుగారి నివేదిక దానిని రెండువందల కోట్లనెను. అప్పు చేయనివాడును వడ్డీచే మునిగెనను సామెత పుట్టదగిన కాలమది!

అప్పుడు గాని ఏలినవారు కదలలేదు. 1936 సవరణ ప్రకారము, చెల్లింపగల శక్తి యుండియు చెల్లింపనివానిని, పరారి కాబోవువానిని, ఆస్తి దాచినవానిని మాత్రమే కారణములు వ్రాసి ఖైదు చేయవలెను. 1938లో కాంగ్రెసు మంత్రివర్గము రైతుఋణ విమోచనచట్టము చేసినది. 1932 అక్టోబరు 1కి ముందటి అప్పులపై 1937 అక్టోబరు 1 నాటికి నిలిచిన వడ్డీ రద్దయినది; అసలునకు రెట్టింపు ముట్టజెప్పినవాని బాకీ పూర్తిగ తీరినట్లయినది. షావుకారులు గగ్గోలు పెట్టిరి. వారి సొమ్ములోను వితంతువుల సొమ్ము, అనాథల సొమ్ము కొంత యుండెననుట నిజమే. దానిని మేము కాదనము.

1980లో కొచ్చిను బ్యాంకి దావాలో జస్టిస్ కృష్ణయ్యరుగారు ఈ సంగతిని తేల్చిరి: పేదరికము తప్పు కాదు, నేడు శక్తి లేనివానిని, దుర్బుద్ధి లేనివానిని అప్పునకై ఖైదు చేయుట రాజ్యాంగపు 21వ అధికరణమునకు విరుద్ధము. నేటి చట్టమున రెండువేల రూపాయలకు లోబడిన డిక్రీకి ఖైదు లేదు. అయిదువేలు దాటినచో మూడు నెలలు గరిష్ఠము.

ఇంతయు తెలిసియు కోర్టు నోటీసు రాగానే ఊరు విడిచిపోవువారు, పురుగులమందు వెదకువారు గలరు. కనుక మీలో చదువు వచ్చినవారు రానివారికి చెప్పవలసినవి కొన్ని గలవు. నోటీసు వచ్చినచో దాగికొనక కోర్టునకు బోయి మీ శక్తి యెంతయో చెప్పుకొనుడు; దాగికొన్నవానికే వారంటు వచ్చును. ప్రొద్దుగ్రుంకిన పిదప, తెల్లవాఱక ముందు అమీనా మీ యింట ప్రవేశింపరాదు. స్త్రీని డబ్బు డిక్రీకై పట్టరాదు. సేద్యగాని యిల్లు, ఎడ్లు, నాగలి, విత్తనపు గింజలు, వంటపాత్రలు, మతాచారము ప్రకారము స్త్రీ విడువరాని నగ జప్తునకు రావు. మీ శక్తిని లెక్కించునపుడును కోర్టు వానిని కలుపరాదు. ఒకమారు ఖైదుండి వచ్చినవానిని అదే డిక్రీపై మరల పట్టరాదు, బాకీ మాత్రము నిలిచియుండును. ఐ.పి. పెట్టినాడని మనవారు వెక్కిరించు దివాళా పిటిషను కూడ చట్టమిచ్చిన త్రోవయే. ఆస్తి దాచి పెట్టినపుడే యది మోసము.

నేటి ఋణఖైదు వేఱొక ద్వారమున జరుగుచున్నది. దేశపు జైళ్ళలోనివారిలో సుమారు ముప్పాతికమంది విచారణ ముగియనివారు. వారిలో ననేకులు జామీను సొమ్మునకు ఆసామి దొరకక లోపల నున్నారు. 1978లో నొక తాపీపనివానికి పదివేల రూపాయల జామీను విధించి, వాని యన్న యాస్తి వేఱు జిల్లాలో నున్నదని మేజిస్ట్రేటు త్రోసివేసెను. ఆ పేదవానిని వేయి రూపాయల సొంత పూచీపై విడువుమని కృష్ణయ్యరుగారే యుత్తరువిచ్చిరి. 2023వ సంవత్సరపు నాగరిక సురక్షా సంహిత 479వ సెక్షను ప్రకారము, ఉరిశిక్షగాని యావజ్జీవముగాని పడని నేరమున మొదటిసారి పట్టువడినవాడు, గరిష్ఠ శిక్షలో మూడవవంతు లోపల గడిపినచో పూచీపై విడుదల కర్హుడు. అట్టివాని సంగతి కోర్టునకు తెలుపుట జైలు సూపరింటెండెంటు విధి. తనవాడు లోపల నున్నవారు పంచాంగము ముందుంచుకొని దినములు లెక్కింపుడు. మూడవవంతు దాటెనా, జైలువారి దరఖాస్తునకై వేచియుండక వకీలును గలిసికొనుడు.